చేతివల

“ఆగు తల్లీ. ఆ వలలో ఉన్నది మా వాడు.”

బువాలై రోడ్డుకి అడ్డంగా నిలబడింది. చేపలు పట్టే చేతివల భుజాన వేసుకుని వెళుతున్న పరాయి మనిషి ఆగి, చేతిలోని మూటని గుండెలకి హత్తుకుంది. మూడు రోజుల క్రితం ఈ మలుపులోనే బువాలై కొడుకు ఖమ్‌సింగ్ వ్యానూ, ఈమె కొడుకు మోటార్‌సైకిలూ గుద్దుకున్నాయి. ఇద్దరూ ఒకే ఆస్పత్రిలో, ఒకే వార్డులో కళ్లు తెరవకుండా పడి ఉన్నారు.

“మీ వాడెలా అవుతాడక్కాఆ? నేను పిలిచింది నా బిడ్డనేఏ,” అందామె.

ప్రతి మాట చివరా సాగదీసే ఉత్తరాది లువాంగ్ ప్రబాంగ్ యాస. రాజధాని వియంటియాన్ చుట్టుపక్కల ఊళ్లలో ఆ యాస వింటే నవ్వుకుంటారు. బువాలైకి ఒళ్లు మండింది.

దెబ్బకి బెదిరి ఒంట్లోంచి దూకేసిన ప్రాణం పడ్డచోటే బిక్కుబిక్కుమంటూ కూర్చుంటుంది. తల్లి వెళ్లి పిలిచి, వలతో చేదుకుని, ఉడికించిన గుడ్డు, అన్నం ముద్దతో పాటు బట్టలో మూటకట్టి తెచ్చి, బిడ్డ మణికట్టుకి నూలుదారం కడితే మళ్లీ ఒంట్లో చేరుతుంది. బువాలై పొద్దుటినుంచీ పిలుస్తూనే ఉంది. చేదినప్పుడల్లా చిటికెడు బియ్యం తీసి జతలు పేర్చింది. మూడుసార్లూ ఒక గింజ ఒంటరిగా మిగిలింది. అంటే వల ఖాళీ. ఈమెకి మాత్రం మొదటిసారే జతలు కుదిరాయి.

“ఏమని పిలిచావు?”

“బాబూ, అమ్మ వచ్చింది, ఇంటికి పోదాం రా అన్నానూఊ.”

“పేరు పెట్టలేదూ?”

“పేరు పెడితే దయ్యాలు వినవాఆ? మా వైపు పెట్టం.”

“అదే నీ తప్పు. అమ్మ వచ్చిందంటే చాలు, మా వెధవ ఎవరో ఏమిటో చూడకుండా పరిగెత్తుకొస్తాడు. చిన్నప్పటినుంచీ అంతే.”

“నా బిడ్డకి నా గొంతు తెలీదాఆ? పోనీ, ఇద్దరం కలిసే వెళదాం. ఇద్దరికీ దారం కడదాం. ఎవడిదైతే వాడు లేస్తాడూఊ.”

న్యాయమైన మాటే. కానీ బువాలైకి న్యాయం అక్కర్లేదు, కొడుకు కావాలి. మూట లాగేసుకుని ఒక్క తోపు తోసింది. ఆమె రోడ్డుపక్క గుంటలో పడింది. లేచేలోగా బువాలై అటుగా వచ్చిన ఆటో ఎక్కేసింది.

వార్డులో కొడుకు అరచేతిలో మూటలోని ఉడికించిన గుడ్డూ, అన్నం ముద్దా పెట్టి, మణికట్టుకి దారం చుట్టింది. “రా నాన్నా ఖమ్‌సింగ్. వచ్చెయ్.”

రెండు మంచాల అవతల, ఆ మోటార్‌సైకిల్ కుర్రాడి చుట్టూ నర్సులు హడావిడిగా మూగారు. కాసేపటికి ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. ఎవరో దుప్పటి ముఖం మీదికి లాగారు. బువాలై అటు తిరగలేదు. పాపమంటూ ఉంటే తనకే తగలనీ అనుకుని ముడి బిగించింది.

ఖమ్‌సింగ్ వేళ్లు కదిలాయి. తర్వాత కళ్లు తెరుచుకున్నాయి. బువాలై వాడి మీద పడి భోరున ఏడ్చింది.

వాడు ఆమెని చాలాసేపు చూశాడు. తర్వాత తలుపు వైపు చూశాడు.

“మా అమ్మ ఏదమ్మాఆ?” అన్నాడు. “మలుపు దగ్గర పిలిచిందేఏ.”