పొద్దుటి తోడు

కున్‌ము చొక్కా విప్పాడో లేదో, భార్య యూషియా దాన్ని లాక్కుని వాసన చూసింది.

వేయించిన ఉల్లి. పంది కొవ్వు.

"మళ్ళీ తిన్నావు!"

"తినలేదే. నడిచొచ్చాను."

"నడిస్తే చెమట వాసనొస్తుంది. కొవ్వు వాసన రాదు."

కున్‌ము నవ్వేసి స్నానానికి వెళ్ళిపోయాడు.

యూషియాకు కాలు నిలవలేదు. ఆయన బజారులో కుప్పకూలాడని ఫోనొచ్చిన రోజు ఇంకా గుండెల్లో దడగానే ఉంది. కీలుంగ్ రేవులో క్రేన్ నడిపినన్నాళ్ళూ కొవ్వుమాంసం పులుసు పోసిన అన్నమే ఆయన పొద్దుటి తిండి. గుండెకు స్టెంట్ వేసిన డాక్టర్ గట్టిగానే చెప్పారు. కొలెస్ట్రాల్ తగ్గాలంటే మందుతోపాటు తిండి మారాలి, రోజూ నడవాలి.

అప్పటినుంచి ఇంట్లో ఆవిరి మీద ఉడికిన చేప, టోఫు, చిలగడదుంప ఆకు కూర. నూనె చెంచాతో కొలిచి పోస్తోంది.

ఇంత చేస్తుంటే, బయట ఎవరో ఆయన్ని చెడగొడుతున్నారు.

మర్నాడు వానలోనే గొడుగు పట్టుకుని వెనకాల బయల్దేరింది.

రేవుగట్టు మీద కున్‌ము పక్కన ఎవరో పొట్టి మనిషి. బజారు సందు దగ్గర ఆ మనిషి కున్‌ము మోచెయ్యి పట్టుకుని లాగుతున్నాడు.

యూషియా పరుగెత్తింది. దగ్గరికి వెళ్ళేసరికి అదే వాసన గుప్పుమంది.

"ఏమయ్యా! ఎక్కడికి లాక్కెళ్తున్నావ్ మా ఆయన్ని?"

"అక్కా, నేను..."

"అక్కా లేదు, గిక్కా లేదు! ఒళ్ళంతా కొవ్వు కంపు. నువ్వు తిని చావు. ఈయన్ని చంపకు!"

"యూషియా, ఆగు. ఇతను..." కున్‌ము అడ్డొచ్చాడు.

"నువ్వు మాట్లాడకు! ఇతని పేరెత్తితే ఊరుకోను."

చేపలు దించుకునేవాళ్ళు ఆగి చూశారు. ఆ మనిషి ముఖం పాలిపోయింది.

"బావ నడక మాత్రం మాన్పించకక్కా" అని తల వంచుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ రేవుగట్టున కనిపించలేదు. కున్‌ము ఒక్కడే నడిచి వచ్చి, ముభావంగా గంజి తాగేవాడు.

ఆ వారాంతానికి రక్త పరీక్ష ఫలితం వచ్చింది. డాక్టర్ కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"చెడు కొలెస్ట్రాల్ సగానికి సగం పడిపోయింది! మందొక్కటే కాదు, నోరు బాగా కట్టుకున్నట్టున్నారు."

"బయట ఒక్క ముద్ద ముట్టలేదు. ముట్టనివ్వలేదు" అన్నాడు కున్‌ము.

"ఎవరు?" అంది పక్కనే ఉన్న యూషియా.

"నువ్వు తిట్టావే, అతను."

యూషియా ఆసుపత్రి మెట్లు దిగాక అడిగింది. "అసలెవరతను?"

"చెప్పబోతే విన్నావా? బజారుకెళ్ళి అడుగు."

ఆ మధ్యాహ్నమే సంచీ నిండా జామకాయలు కొనుక్కుని ఆ సందుకు వెళ్ళింది. చేపలమ్మే మనిషిని అడిగింది.

"పొద్దున్నే మా ఆయనతో నడిచే పొట్టాయన ఎక్కడుంటాడమ్మా?"

"మన అతూనా? నిన్ననే తైడుంగ్ వెళ్ళిపోయాడక్కా, కూతురి దగ్గరికి. ఇక రాడు. ఎవరో ఆవిడ నడిరోడ్డులో నానా మాటలూ అందట. ఇంక ఆ కుండ ముట్టలేనన్నాడు."

"ఏం కుండ?"

చేపలామె మూసి ఉన్న ఎదుటి దుకాణం వైపు చూసింది.

"కొవ్వుమాంసం కుండ. మీ ఆయన ఇన్నేళ్ళూ తిన్న అన్నం వండింది అతనే, పడిపోయిన రోజునుంచి పొద్దుటి బేరం మానుకుని ఆయన్ని ఈ సందులోకి రానివ్వకుండా తిప్పుకెళ్ళిందీ అతనే."