వారానికి ఐదు డబ్బాలు

“కావాలంటే ఈ అక్కను అడగండి సార్. వాడిన నూనె వాడినట్టే ఈమె పొయ్యికి పంపించేస్తాను” అన్నాడు క్యాంటీన్ ఓనరు, పక్కనున్న లాండ్రీ గుమ్మంలో నిలబడి.

లాండ్రీ ఆవిడ దుప్పటి పిండుతూనే తలెత్తింది. మూడేళ్లుగా ఇద్దరివీ గోడకు గోడ ఆనుకున్న కొట్లు. నిన్నటిదాకా “ఓయ్ బట్టలావిడా” అన్నవాడికి ఇవాళ అక్క అయిపోయింది.

వాడి వెనకే ఆహార తనిఖీ ఆఫీసరు లోపలికొచ్చాడు. చేతిలో చిన్న గాజుసీసా, అందులో తారులాంటి నూనె.

“ఇది ఈయన బాణలిలోంచి తీశాను. అడిగితే, ఇవాళ తీసేయబోతున్న నూనె అంటున్నాడు. వారం వారం నీకే ఇస్తాడట. నిజమేనామ్మా? ఎన్ని డబ్బాలు?”

ఆఫీసరు వీపు వెనక నుంచి ఓనరు ఐదు వేళ్లు చూపించాడు. కళ్లతోనే బతిమాలాడు.

నిజానికి నెల రోజులుగా వాడు చుక్క నూనె ఇవ్వలేదు. ఆవిడ క్యాను పట్టుకుని వెళ్లినప్పుడల్లా “ఇంకో వారం వాడొచ్చు, తర్వాత రా” అనేవాడు. తినేవాళ్ల కడుపులు ఏమైపోతే వాడికేం. బట్టలు ఉడకబెట్టడానికి ఆవిడ స్వయంగా చేసుకున్న నూనెపొయ్యి మూలన చల్లగా పడి ఉంది. పాత లారీ బ్రేకు డ్రమ్ము, దాని మీద చిల్లులు పొడిచిన ఇనుప గొట్టం, చెడిపోయిన కూలరులోంచి పీకిన ఫ్యాను, అంతే. నూనె లేక మళ్లీ కట్టెలు పెడుతోంది. కట్టెల పొగకి ఆసుపత్రి దుప్పట్లు మసి బారుతున్నాయి. ఇంకొక్కసారి మసి కనబడితే బట్టలు వేరేచోట వేస్తామని ఆసుపత్రివాళ్లు పొద్దున్నే చెప్పి వెళ్లారు. ఆ బట్టలు పోతే లాండ్రీ మూతే.

ఆవిడ ఆ ఐదు వేళ్ల వంక చూసింది.

“ఐదు డబ్బాలండీ. వారానికి ఐదు” అంది.

ఓనరు ఊపిరి వదిలాడు. ఆఫీసరు మాత్రం నమ్మలేదు.

“ఐదు డబ్బాల మురికినూనె తగలబెడితే వీధివాళ్లు ఊరుకుంటారా? పొగకి చచ్చిపోరూ?”

“కాల్చడం రానివాళ్లకే పొగ వస్తుంది సార్. ఉండండి, చూపిస్తాను.”

క్యాను అడుగున చెంబెడు మిగిలి ఉంది. గుడ్డలో వడకట్టి, నీళ్లు అడుక్కి దిగాక పైది తేర్చి దాచుకున్న నూనె. డ్రమ్ములో నూనెగుడ్డ వేసి వెలిగించింది. గుప్పుమని నల్లపొగ లేచింది.

“చూశావా” అన్నాడు ఆఫీసరు.

“డ్రమ్ము కాగనివ్వండి. చలిలో నిద్ర లేపితే మనం మాత్రం దగ్గమా?”

డ్రమ్ము కాగాక ఫ్యాను వేసి, నూనె సన్నటి ధారగా వదిలింది. చిల్లుల్లోంచి గాలి దూరింది. మంట హోరెత్తింది. పొగ మాయమైంది. ఆవిడ పట్టుకారుతో ఒక స్టీలు పళ్లెం తీసి మంట మీద కాసేపు పట్టింది. ఆఫీసరు దాని అడుగు తన జేబురుమాలుతో తుడిచి చూసుకున్నాడు. రుమాలు తెల్లగానే ఉంది.

“గట్టిదానివేనమ్మా” అనేలోపే మంట ఆరిపోయింది.

“నూనె అయిపోయింది సార్” అని ఆవిడ ఓనరు వైపు తిరిగింది. “ఈ వారం ఐదు డబ్బాలూ ఇంకా రాలేదు తమ్ముడూ. సారు ఉండగానే తెచ్చెయ్, ఆయన కూడా కళ్లారా చూస్తారు.”

ఓనరు మొహంలో నెత్తురు చుక్క లేదు. “సాయంత్రం పంపిస్తాలే అక్కా.”

“సాయంత్రం దాకా దేనికి?” ఆఫీసరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “ఐదూ నా కళ్ల ముందు దిగాలి. లేదా ఇప్పుడే నీ క్యాంటీనుకి తాళం. పై వారం కూడా వస్తాను.”

మొదటి డబ్బా బాణలి ఒంపితే నిండింది. రెండోది రేపటి కోసం దాచుకున్న గుండిగలోది. మూడోది వంచితే కారడానికి కూడా బద్ధకించేంత చిక్కన. నాలుగోదాని కోసం వంటింట్లో ఉన్న గిన్నెలన్నీ గీకి తెచ్చాడు.

“ఇంకొకటి” అన్నాడు ఆఫీసరు.

“పాతది ఇంతే ఉన్నట్టుంది సార్.”

“వారానికి ఐదని మీ అక్క కూడా చెప్పిందే.”

ఓనరు అక్క వంక చూశాడు. అక్క దుప్పటి పిండుకుంటోంది.

మళ్లీ క్యాంటీనుకి వెళ్లాడు. చాలాసేపటికి ఐదో డబ్బా భుజాన మోసుకొచ్చి దించాడు.

“ఇది కూడా వాడిన నూనేనా?” అడిగాడు ఆఫీసరు.

“అవును సార్, నాలుగు రోజులుగా ఇందులోనే వేయిస్తున్నా” అంటూ ఓనరు దాని మూత మీది కంపెనీ సీలు చించాడు.