కూతురు వదిలేసిన ఆట

గాల్వేలో ఆదివారం మధ్యాహ్నం పోకర్ పోటీ చివరికొచ్చింది. బల్ల దగ్గర నలుగురే మిగిలారు. ఫింటన్ ముందు పందెపు బిళ్ళలు గుప్పెడే ఉన్నాయి. ఊరికే కూర్చుంటే తప్పనిసరి పందేలకే అవి కరిగిపోతాయి. చేతిలో ఏడు, రెండు. అంతకంటే చెత్త ముక్కలుండవు. అయినా బిళ్ళలన్నీ ముందుకు తోసేశాడు.

మిగతా ఇద్దరూ అప్పటికే తప్పుకున్నారు. ఇక ఎదురు నిలవాల్సింది అతని కూతురు డెర్వ్లా. ఆమె ముందు బిళ్ళలు గుట్టలా ఉన్నాయి.

పోయినేడు ఇదే బల్ల మీద తండ్రిని చిత్తుచేసి, "ఇంటికెళ్ళి టీ పెట్టు నాన్నా, కప్పు పట్టుకుని వస్తా" అని అందరి ముందూ ఏడిపించింది. ఆ మాట అతను నెల్లాళ్ళు పబ్బులో గొప్పగా చెప్పుకున్నాడు.

ఈసారి డెర్వ్లా ముక్కలు చూసి, బోర్లా పడేసింది.

"నాకేం రాలేదులే నాన్నా. నువ్వే తీసుకో."

ఫింటన్ చెయ్యి చాపి ఆ ముక్కలు తిప్పాడు. రెండూ ఆసులే. అంతకంటే మంచి ముక్కలుండవు.

"ముట్టుకోకూడదు సార్!" అని ముక్కలు పంచేవాడు అరిచినా వినిపించుకోలేదు.

"ఏమే, నాకు ముష్టి వేస్తున్నావా?"

డెర్వ్లా తలెత్తలేదు. చేతి వెనకతో కళ్ళు తుడుచుకుంది. అది చూశాక అతని కోపం దిగిపోయింది.

"డాక్టరు చెప్పిన సంగతి మీ అమ్మ నీకెప్పుడు చెప్పింది?"

"గురువారం."

"నీకు చెప్పనని నాకు ఒట్టేసిందే," అన్నాడు ఫింటన్. "నువ్వొక్కదానివైనా నన్ను మునుపటిలా చూస్తావని ఇంతదూరం వచ్చానే తల్లీ."