డెన్మార్కు పిల్ల అన్న మాట

కిటికీలకు దుప్పట్లు కట్టి, పట్టపగలే క్లబ్బు హాలును చీకటి చేశారు.

విజయనగరం, 1969. ఆదివారం పొద్దుటి ఆట. డెన్మార్కు సినిమా.

మాటలు వాళ్ల భాషలో ఉంటాయి. తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. అవి చూసి మైకులో తెలుగులో చెప్పడం నా పని. కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి కనక, ఏ దేశం సినిమా వచ్చినా క్లబ్బు వాళ్లు నన్నే పిలిచేవారు.

ఆడవాళ్ల వైపు రెండో వరసలో మా అమ్మాయి నీలవేణి కూర్చుంది. పక్కన ఎదురింటి దేముడమ్మ.

చంద్రశేఖరం మా ఇంటికి వచ్చి వెళ్లి అప్పటికి నెల. ఆమదాలవలస స్టేషన్లో గుమాస్తా. "నీలవేణికి ఇష్టమేనండి. మీ మాట కోసమే ఆగేం" అన్నాడు.

కుర్రవాడిలో వంక లేదు. "చూద్దాం" అన్నాను.

నెల రోజులుగా చూస్తూనే ఉన్నాను.

నీలవేణి తల్లి పోయి నాలుగేళ్లు. ఇంట్లో మేమిద్దరమే. నేను కాలేజీకి బయల్దేరేటప్పుడు చొక్కాకి బొత్తాలన్నీ ఉన్నాయో లేదో చూసి గాని గుమ్మం దాటనిచ్చేది కాదు.

పెళ్లి మాట మాత్రం తనుగా ఎత్తలేదు.

సినిమా సరదాగా సాగింది. సైకిలు మీద కుర్రాడు, వెనక పిల్ల. ఇద్దరూ కాలవలో పడితే హాలంతా నవ్వింది. నేనూ నవ్వుతూనే చెబుతున్నాను.

తర్వాత ఆ పిల్ల వంటింట్లో తండ్రి ఎదుట నిలబడింది. పెళ్లాం పోయిన మనిషి. బంగాళాదుంపలు ఒలుచుకుంటున్నాడు.

'నాన్నా, నేను అతనితో వెళతాను. నువ్వు సరేనంటే సంతోషంగా వెళతాను.' తెర మీద అక్షరాలు అవి.

"నాన్నా, నిన్ను విడిచి నేనెక్కడికీ వెళ్లను" అన్నాను మైకులో.

నోరు జారిందని చెప్పుకోను.

చప్పట్లు కొట్టారు. దేముడమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నీలవేణి తెరకేసే చూస్తోంది. దానికి ఇంగ్లీషు నేర్పింది నేనే.

పది నిమిషాలకల్లా ఆ పిల్ల పెట్టె పట్టుకుని కుర్రాడితో రైలెక్కింది.

"ఏటి మాస్టారూ," దేముడమ్మ గొంతు. "ఎక్కడికీ ఎల్లనని ఇప్పుడే కదా అన్నాది. పెట్టె సర్దీసి రైలెక్కీసినాదేటి?"

"మాస్టారే టిక్కెట్టు కొనిచ్చీసినారు గావాల" అన్నారెవరో మగవాళ్ల వైపు నుంచి.

హాలు గొల్లుమంది.

మైకు నోటి దగ్గరే ఉంది. చేత్తో మూసేశాను.

"మధ్యలో రీలు తెగితే అతికినారు అత్తా" అంది నీలవేణి, అందరికీ వినబడేలా. "ఆ పోయిన ముక్కలో తండ్రి ఒప్పుకొనుంటాడు."

"అదీ, అలా సెప్పు" అంది దేముడమ్మ. "లేపోతే అలాటి పిల్ల ఎల్తాదా."

ఎండలో ఇంటికి నడిచాం. నీలవేణి తన గొడుగు నా వైపే ఎక్కువ వంచి పట్టుకుంది.

భోజనం దగ్గర అన్నాను, "మూడు గంటలకి మళ్లీ ఇదే సినిమా కదా, మైకులో నువ్వు చదువమ్మా. నా గొంతు బాగాలేదు."

మజ్జిగ పోస్తున్నదల్లా ఆగింది.

"ఉన్నదున్నట్టు చదవనా నాన్నా?"

కంచంలోంచి తలెత్తలేకపోయాను.

"చదువు" అన్నాను.