శాలువా ఫొటోలో మా మేకలు

మేక ఉన్ని శాలువాల ప్రకటనకు మా గోబీ ఎడారి మేకలను ఫొటో తీద్దామని ఫొటోగ్రాఫర్ తుల్గా పట్నం నుంచి వచ్చాడు. అవి ఒకచోట నిలబడవు. పొద్దు వాలుతోంది.

"అక్కా, ఫొటో రాకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. వీటిని కదలకుండా నిలబెట్టండి," అన్నాడు నా భార్య దుల్మాతో.

ఫొటో కోసం అతనిచ్చిన శాలువా కప్పుకున్న దుల్మా, పాలు పితికేటప్పటిలా మేకలను ఎదురెదురుగా, మెడకు మెడ చేర్చి, రెండు వరుసలుగా కట్టేసింది.

"అయ్యో, అన్నీ పిర్రలే కనబడుతున్నాయి!"

"కదలట్లేదుగా!" అంటూ దుల్మా పగలబడి నవ్వింది. తుల్గా ఆమె నవ్వుతుండగానే ఫొటో తీశాడు.

ఇప్పుడది మా రాజధాని ఉలాన్‌బాతర్ కూడలిలో మేడంత ఎత్తున ఉంది. జనం ఆగి నవ్వుతున్నారు. తుల్గా మమ్మల్ని తీసుకెళ్లి చూపించాడు.

"అదిగో మన చెవిటి మేక, పక్కన దొంగది," అంది దుల్మా.

"మొహాలు లేకుండా ఎలా పోల్చారక్కా?"

"రోజంతా వీటి వెనకే నడుస్తాం తమ్ముడూ. మాకు తెలిసిన మొహాలు అవే."