తెల్లచొక్కా మెకానిక్

"కాసేపు కదలకుండా ఉండలేరా?"

"కదల్లేదే, చెయ్యి గోక్కున్నానంతే."

"గోక్కోవడం కదలడం కాదా?" ఆవిడ విసుగ్గా కెమెరా దించింది.

"ఏం చెయ్యను, దురద! ఈ కొత్త మిషన్ ఆయిల్ ఒంటికి పడ్డట్టు లేదు."

ఆయన కుట్టుమిషన్ల మెకానిక్. ఇంటి ముందుగదే దుకాణం. విప్పి పడేసిన మిషన్లు, నూనె డబ్బాలు, సూదులు, బెల్టులు. వాటన్నిటి మధ్యా తెల్లచొక్కాలో ఆయన. నూనె పనికి తెల్లచొక్కా ఏమిటని ఎవరైనా అడిగితే, "మరక పడిందంటే మెకానిక్‌కి పని రాదని అర్థం" అనేవాడు. ఆ తెలుపు వెనకున్న ఉతుకుడంతా ఎవరిదో మాత్రం చెప్పేవాడు కాదు.

ఆవిడ సెలవు రోజుల్లో ఫోటోగ్రఫీ నేర్చుకుంటోంది. స్టూడియో నడిపే మాస్టారు ఆఖరి పరీక్ష పెట్టారు. ఒక మనిషిని తెర ముందు నిలబెట్టకుండా, అతని పనిచోట్లో, పనిముట్ల మధ్య ఫోటో తీయాలి. ఎవరి ఫోటో నెగ్గితే వాళ్ళకి స్టూడియోలో ఉద్యోగం. పెళ్ళయిన దగ్గర్నుంచీ "మెకానిక్ గారి భార్య" అనే పేరుతోనే బతికిన మనిషి ఆవిడ. తనకీ ఒక పని, ఆ పనికొక పేరు కావాలని పట్టుపట్టింది. ఆవిడ పట్టుపడితే వదిలే రకం కాదు.

మొదటి ఫోటో చూసి మాస్టారు మొహం చిట్లించారు.

"చోటు బాగా పట్టుకున్నారమ్మా. చూడగానే ఆయన పనేమిటో తెలిసిపోతోంది. కానీ ఈ పసుపేమిటి? గోడ పసుపు, చొక్కా పసుపు, మనిషీ పసుపే."

"తీసేటప్పుడు నాకలా కనబడలేదు మాస్టారూ."

"కనబడదు. రోజూ చూసేదానికి మన కన్ను అలవాటు పడిపోతుంది. కెమెరాకి ఆ మొహమాటం లేదు. అందుకే ఆ వెలుతురులో తెలుపంటే ఏదో ముందు దానికి చూపించాలి. వైట్ బ్యాలెన్స్ అంటే అదే. తెలుపు కుదిరితే మిగతా రంగులు వాటంతటవే దారికొస్తాయి."

ఆవిడ ఇంటికి రాగానే దుకాణంలో వేలాడే బల్బు మీద పడింది.

"దాని జోలికెళ్ళకు. తెల్ల లైటు నా కళ్ళలో పొడుస్తుంది" అన్నాడాయన. ఆయన గారి పుణ్యమా అని ఇల్లంతా పసుపు బల్బులే.

"సరే, ఉండనివ్వండి. మీ చొక్కా ఉందిగా!"

వీధి మొత్తం మీద అంత తెల్లటి వస్తువు ఇంకోటి లేదని ఆవిడ నమ్మకం. కెమెరాకి చొక్కానే చూపించి సరిచేసుకుంది. తీరా తలెత్తి చూస్తే ఆయన స్టూలు మీద కూర్చునే కునుకు తీస్తున్నాడు.

"ఫోటోకి కూర్చోబెడితే నిద్రపోయే మనిషిని మిమ్మల్నే చూశాను!"

"నువ్వు చేసే ఆలస్యానికి ఎవరైనా నిద్రపోతారు."

ఆ మధ్యాహ్నం ఆయన కంచంలో సగం అన్నం వదిలేసి లేచాడు. ఫోటోల గోలలో పడి వంట చెడగొడుతోందని దెప్పడానికే అలా చేశాడనుకుని ఆవిడ పట్టించుకోలేదు. నిజానికి ఆవిడకి ఒళ్ళు మండింది కూడా.

రెండో ఫోటో మొదటిదానికంటే ఘోరంగా వచ్చింది. మాస్టారు మాత్రం నవ్వారు.

"ఈ చొక్కాకి నీలిమందు పెడతారా అమ్మా?"

"పెట్టకపోతే ఆ తెలుపెలా వస్తుంది?"

"అదీ సంగతి! మీరు కెమెరాకి చూపించింది తెలుపు కాదు, లేత నీలం. ఆ నీలానికి విరుగుడుగా కెమెరా అన్నిటికీ పసుపు పులిమింది."

ఆవిడకి సిగ్గేసింది. ఇన్నేళ్ళూ గొప్పగా చెప్పుకున్న ఉతుకే కొంప ముంచింది. మాస్టారు సొరుగులోంచి ఒక తెల్ల అట్ట తీసి చేతిలో పెట్టారు.

"దీనికి నీలిమందు అంటలేదు. ఇది చూపించి తీయండి. ఫోటోలో ఓ మూల కనబడేలా కూడా పెట్టండి. కానీ ఇదే ఆఖరి అవకాశం."

మర్నాడు పొద్దున్నే ఆవిడ దుకాణం తలుపులు బార్లా తెరిచి, బల్బు ఆర్పేసింది. ఆయన కళ్ళు చికిలించాడు, సణిగాడు. అయినా వచ్చి కూర్చున్నాడు. అట్టని మిషన్‌కి ఆనించి, కెమెరాకి చూపించి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది.

"తలెత్తండి. నన్నే చూడండి."

"ఈసారీ నెగ్గకపోతే మీ మాస్టారింట్లో మిషన్ పాడైతే నేను ముట్టుకోను" అన్నాడు.

ఆ చూపులో వెటకారం లేదు. తన భార్య గెలవాలన్న ఆశ ఉంది. అది చూసి ఆవిడ గుండె నిండిపోయింది. ఆ క్షణమే మీట నొక్కింది.

స్టూడియోలో మాస్టారు ఆ ఫోటోని పెద్ద తెర మీద తెరిచారు. గోడ సున్నంలా మెరుస్తోంది. ఆవిడ మాత్రం తలెత్తలేదు.

"అన్నీ లొంగాయి, ఆయన మొహం ఒక్కటే లొంగలేదు మాస్టారూ. ఇంకా పసుపే. పొరపాటెక్కడో చెప్పండి, ఇప్పుడే వెళ్ళి మళ్ళీ తీసుకొస్తాను."

మాస్టారు అట్టని పెద్దది చేసి చూశారు. తెల్లగా ఉంది. చొక్కాని పెద్దది చేశారు. నీలిమందు చాయ కూడా తెలుస్తోంది. తర్వాత ఫోటోలో మెకానిక్ కళ్ళని పెద్దవి చేశారు. తెల్లగుడ్డు కూడా పసుపే.

"మీ ఫోటో నెగ్గిందమ్మా" అన్నారు చివరికి. మొహంలో నవ్వు లేదు.

"మరి ఆ పసుపు?"

మాస్టారు లేచి, ఆవిడ చేతిసంచీ తీసి ఆవిడకే అందించారు.

"కెమెరా తప్పేమీ లేదు, ముందు మీ ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి."