మూడో గడప దగ్గర తుమ్ము

ఆ రోజుల్లో పొలానికి నీళ్లు కావాలంటే ఏ అధికారి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. కళ్లకు ఆట అద్దాలు తగిలించుకుని, వాటిలో కనపడే పాడుబడ్డ అంతరిక్ష నౌకలో మూడు గదుల గడపలు దాటితే చాలు, కాలువ తూము దానంతటదే లేచేది.

గవరయ్య అప్పటికి రెండుసార్లు మూడో గడప దగ్గరే చచ్చాడు. తలుపు వెనక ఇనప తేలు కొండి ఎత్తుకుని కాచుకుని ఉండేది. అడుగు పెట్టగానే కుట్టేసేది. మనిషికి ఇచ్చేవి మూడే ప్రాణాలు. ఇదీ పోతే నెల దాకా తూము లేవదు, వరి నారు మాడిపోతుంది.

"పోనీ, నన్నెల్లమంటావా మావా?" అంది పెళ్లాం నూకరత్నం, పక్కనే చిక్కుడుకాయలు తుంచుతూ.

"నోరు మూసుకుని కూకో," అని గవరయ్య గడప మీదికి కాలెత్తాడు.

నూకరత్నం తుమ్మింది.

ఎత్తిన కాలు దించేశాడు. ఒంటి తుమ్ము మీద గడప దాటడం వాళ్ల వంశంలోనే లేదు. అద్దాలు తీయకుండానే చెంబందుకుని నీళ్లు తాగి, గడప ఇవతల చతికిలబడ్డాడు. లోపల తేలు చూసి చూసి, బ్యాటరీ అయిపోయి దబ్బున కూలబడింది. గవరయ్య దాన్ని దాటుకుని దర్జాగా నడిచాడు. తూము లేచింది.

మర్నాడు పొద్దున్నే ఊరంతా వాళ్ల వాకిట్లో ఉంది.

"వదినా, మా ఇంటికొచ్చి ఒక్క తుమ్ము తుమ్మిపోవా?"

"ఎందుకు రానూ? నిన్నటితో నా ముక్కుపొడుం అయిపోనాది. అది మాత్రం మీరే తెచ్చుకోండి," అంది నూకరత్నం.

పార భుజాన వేసుకుని బయల్దేరిన గవరయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు.